శ్యామలక్క ముక్కు, ఎడ్వర్డ్ నాలుక

నాకు వైన్ గురించి బాగా తెలుసని నేను అనుకునే రోజుల్లో శ్యామలక్క నా చేతిలోని సీసా తీసుకుని మళ్ళీ అరలో పెట్టేసింది. నేను ఐర్లండ్‌లోని షానన్‌లో విమానాల లీజింగ్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. శనివారం శనివారం డబ్లిన్ వెళ్ళి ఆరు వారాల వైన్ కోర్సు చేసి, సర్టిఫికెట్ హాల్లో తగిలించుకున్నవాణ్ణి. నన్ను ఆపిన మనిషి జన్మలో ఒక్క గుక్క వైన్ తాగలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఇవాళ ఇంట్లో ఏం వండుతున్నారు వినీత్ గారూ?" అంది.

"మటన్ వేపుడక్కా. మా అమ్మ పంపిన కారంతోని."

"అయితే ఇదొద్దండి. ఇది బాగా వగరు. కారం మీద అంత వగరు పడితే నోరు భగ్గుమంటుంది. రేపొచ్చి నన్ను తిట్టుకుంటారు."

వేరే సీసా తీసి ఇచ్చింది. ఫ్రాన్స్‌లో బర్గండీకి దక్షిణాన ఉన్న కొండల్లో గమే అనే ద్రాక్షతో చేసే రెడ్ వైన్, బోజొలే అంటారు. పల్చగా, లేతగా ఉంటుంది. నా కోర్సులో దానికి పావుగంట కేటాయించారు, ఆ పావుగంటలో నేను ఫోన్ చూసుకున్నాను.

"అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి," అంది.

"రెడ్ వైన్‌ని ఎవరన్నా ఫ్రిజ్ల పెడ్తరా అక్కా?"

"దీన్ని పెడతారు."

ఆమె తప్పని నిరూపించడానికే కొన్నాను. ఆ సాయంత్రం మా ఆవిడ నీలిమ ఒక గుక్క తాగి, వేపుడు ముక్క తిని, ఇంకో గుక్క తాగి, "ఇన్నాళ్ళు నువ్వు తెచ్చినవన్నీ ఏందో మరి," అంది. వేపుడు అయిపోకముందే సీసా అయిపోయింది. సర్టిఫికెట్ ఇంకా గోడమీదే ఉంది కానీ, ఇప్పుడు వచ్చినవాళ్ళకు చూపించడం మానేశాను.

శ్యామలాదేవిది కాకినాడ. భర్త కేశవరావుగారు షానన్‌లోనే వేరే కంపెనీలో డేటాబేసులు చూస్తారు. పదకొండేళ్ళ కిందట షానన్ పక్కనే ఉన్న ఎన్నిస్ ఊరికి వచ్చారు. కూతురు లోహిత బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఇంట్లో గోడలతో మాట్లాడలేక అక్క పని వెతుక్కుంది. దొరికింది ఎడ్వర్డ్ కొట్లో. ఊరి నడిబొడ్డు నుంచి నది వైపు దిగే ఒక సందులో ఉంటుందా కొట్టు. ముందు భాగంలో చీజ్ అనే జున్నులు, పంది తొడ మాంసం హామ్, టీ పొడులు. వెనక గోడ నిండా వైన్. అక్కను జున్ను కోసే బల్ల దగ్గర పెట్టారు.

మనవాళ్ళు నాలుగు రోజులు చెవులు కొరుక్కున్నారు. బ్రాహ్మణుల ఆవిడ మందు కొట్లో పనేమిటని కొందరు, కేశవరావుకు జీతం చాలట్లేదా అని కొందరు. తర్వాత అందరూ అక్కడే కొనడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఏ కూరకు ఏ సీసా అని తెలుగులో చెప్పేవాళ్ళు ఐర్లండ్ మొత్తంలో ఇంకెక్కడా లేరు. పిల్లలు ఆమెకు వైన్ ఆంటీ అని పేరు పెట్టారు.

తాగకుండా ఎలా తెలుస్తుందని నేనూ అడిగాను. "మా అమ్మ గుళ్ళో నైవేద్యానికి వండేదండి," అంది. "దేవుడికి పెట్టేది ఎంగిలి చేయకూడదు కదా. పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేది. పదేళ్ళు ఆవిడ పక్కన నిలబడ్డాను. నాకూ వచ్చేసింది." ఉప్పుకు వాసన ఏముంటుందని వాదించబోయి, మటన్ వేపుడు గుర్తొచ్చి ఊరుకున్నాను.

తాగకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. అక్కకు హనుమత్ప్రసాద్ అని ఒక అన్నయ్య ఉండేవాడు. లారీ ఆఫీసులో గుమాస్తా. జీతం వచ్చిన రోజు కాగితం సంచిలో నల్లద్రాక్ష తెచ్చి చెల్లెలి ఒళ్ళో పోసేవాడు. యాభై దాటకుండానే షుగర్ ముదిరి ఆస్పత్రిలో పడ్డాడు. "రెండు ద్రాక్షపళ్ళు పెట్టవే," అని అడిగాడట. డాక్టర్ వద్దన్నాడని, "తగ్గాక తిందువుగాని అన్నయ్యా," అని అక్క పళ్ళెం పక్కకు జరిపింది. అతనికి తగ్గలేదు. వదినతో కలిసి కాశీ వెళ్ళి అస్థికలు కలిపినప్పుడు, ఒక కాయా ఒక పండూ వదిలిపెట్టమన్నాడు పురోహితుడు. వెంట వెళ్ళిన కేశవరావుగారు కాకరకాయ వదిలారు, ఆయన అంతకుముందు కూడా ముట్టేవారు కాదు. అక్క ద్రాక్ష వదిలేసింది. అప్పటికి తను ఐర్లండ్ వస్తుందనీ, వైన్ గోడ పక్కన నిలబడుతుందనీ ఆమెకేం తెలుసు.

"పులిసిపోయాక అది ద్రాక్షేమిటి శ్యామలా," అని కేశవరావుగారు నచ్చజెప్పబోయారు ఒకసారి.

"పెరుగు పాలతో కాకపోతే దేంతో చేస్తారండీ," అంది అక్క.

ఎడ్వర్డ్‌కు అప్పుడు అరవై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళుగా ఆ గోడ మీది ప్రతి సీసా తనే రుచి చూసి కొనేవాడు, తనకు నచ్చనిది ఎవరడిగినా తెచ్చేవాడు కాదు. మనిషి మంచివాడే కానీ సణుగుడు ఎక్కువ. ముఖ్యంగా మధ్యాహ్నం ఒంటిగంటకు. వెనక గదిలో అక్క డబ్బా మూత తీయడం, ఇంగువ వాసన కొట్టంతా పరుచుకోవడం, బల్ల దగ్గరనుంచి ఆయన "శ్యామలా, కిటికీ," అనడం, ఆమె లేచి సందులోకి ఉన్న కిటికీ తెరవడం, ఆరేళ్ళు ఇదే వరస.

వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది ఒక్క మాట వల్ల. కొన్ని రెడ్ వైన్లు నోట్లో చిగుళ్ళను పట్టేసినట్టు ఉంటాయని, దాన్ని టానిన్ అంటారని ఆయన ఆమెకు పాఠం చెబుతున్నాడు. కొనేవాళ్ళకు ఆ మాట అర్థం కాదని, సగం మంది చేదు అనుకుంటారని వాపోయాడు. "చేదు కాదండీ, వగరు," అంది అక్క. వగరంటే ఏమిటో చెప్పడానికి, కెటిల్ పక్కన మరిచిపోయిన టీపాట్ చూపించింది. ఆకు గంటసేపు నాని, నల్లబడిన టీ. ఎడ్వర్డ్ ఒక గుక్క తాగి నాలుకను అంగిట్లో రుద్దుకున్నాడు. ఆ సాయంత్రమే సీసాల కింద అంటించే చిన్న కార్డుల మీద ఇంగ్లిష్ అక్షరాల్లో వగరు అని రాసి, పక్కన ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు పెట్టాడు. బోజొలేకు ఒక్క చుక్క. కొన్నాళ్ళకు ఎన్నిస్ ముసలమ్మలు వచ్చి, రోస్ట్ చికెన్‌కు వగరు తక్కువది కావాలని అడగడం నేను చెవులారా విన్నాను.

కిందటేడాది ఫిబ్రవరిలో ఎడ్వర్డ్‌కు ఫ్లూ వచ్చింది. రెండు వారాలు కొట్టుకు రాలేదు. వచ్చిన రోజు ఒంటిగంటకు అక్క డబ్బా మూత తీసింది. అటునుంచి మాట లేదు. ఇంకా నీరసంగా ఉన్నాడనుకుంది. మర్నాడూ లేదు. మూడో రోజు కావాలని డబ్బా పట్టుకుని వెళ్ళి ఆయన పక్కనే నిలబడింది. ఆయన బిల్లులు చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

"ఎడ్వర్డ్, మీకు వాసన తెలియట్లేదా?" అంది.

ఆయన కలం కింద పెట్టాడు. "ఎవరికీ చెప్పకు," అన్నాడు.

డాక్టర్ చూశాడట. రావచ్చు, రాకపోవచ్చు, ఎప్పుడో చెప్పలేం అన్నాడట. రుచి కూడా పోయిందని, అన్నం తిన్నా అట్ట తిన్నా ఒకటే అన్నాడు ఎడ్వర్డ్. ఏప్రిల్‌లో వేసవి సరుకు ఎంచుకోవాలి. రుచి తెలియనివాడు ఎంచినట్టు నటించి జనానికి అమ్మితే దొంగతనమే అన్నాడు. ఏప్రిల్‌కు కూడా ఇలాగే ఉంటే కొట్టు లీజు తిరిగి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు. నలభై ఏళ్ళ పని గురించి ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో సణుగుడు కూడా లేదట. అందుకే అక్కకు భయం వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో వంట చేస్తూ ఆమెకు అనుమానం వచ్చింది. రుచి పోయిందంటున్నాడు, ఏ రుచి పోయింది? మనకు ఆరున్నాయి కదా.

మర్నాడు కొట్టు తెరవకముందే ఎడ్వర్డ్‌ను వెనక గదిలో కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. ఉగాదికి ఇంకా నెల ఉండగానే ఆ గదిలో ఉగాది అయింది. మొదటి చెంచాలో బెల్లం. తీపి అన్నాడు. ఉప్పు, సరిగ్గా చెప్పాడు. చింతపండు రసానికి ముఖం చిట్లించి పులుపన్నాడు. ఎండిన వేపపువ్వుకు బూతుమాట అన్నాడు, దాన్ని చేదు కింద రాసుకోవచ్చు. మిరియాల పొడికి దగ్గాడు. చివర్న వక్క ముక్క నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు, ఆగాడు, నాలుకను అంగిట్లో రుద్దుకున్నాడు.

"వగరు," అన్నాడు కళ్ళు తెరిచి.

"మీ నాలుక ఎక్కడికీ పోలేదు ఎడ్వర్డ్," అంది అక్క. "ఆరుకు ఆరూ ఉన్నాయి. పోయింది ముక్కే. ముక్కు నాకుంది."

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఒక సీసా తెరిచేవాళ్ళు. ఆమె గ్లాసులో వాసన చూసి, తనకు తెలిసిన మాటల్లో చెప్పేది. ఆయన నోట్లో పుక్కిలించి ఉమ్మేసి, పులుపెంత, వగరెంత, గొంతులో ఎంతసేపు నిలుస్తుంది అని చెప్పేవాడు. రెండూ కలిపితే ఒక మనిషి పని. వాసన చూస్తే మొక్కు చెడుతుందేమోనని అక్క ఒకరోజంతా ఆలోచించి, అన్నయ్య అయితే ఏమంటాడో ఊహించుకుని, ఫర్వాలేదనుకుంది. ఆయన కూడా చకచకా ఆ తెలుగు మాటలు నేర్చుకున్నాడు. నేరేడు, అరటి, గులాబీ, మట్టి. ముక్కు అనే మాట ముందే వచ్చు, తన ముక్కు మీద వేలు పెట్టుకుని దిగులుగా అనేవాడు.

ఏప్రిల్ మూడో శనివారం కార్క్ నుంచి ఎవాంజెలిన్ వచ్చింది. ఫ్రాన్స్‌లో చిన్న రైతుల దగ్గర వైన్ కొని ఐర్లండ్ కొట్లకు పోస్తుంది. మాట తక్కువ, చూపు పదును. ఆమె తెచ్చిన మంచి సరుకు ముందు ఎడ్వర్డ్‌కు చూపించి, మిగతాది పెద్ద దుకాణాలకు తీసుకెళ్ళడం రివాజు. ఆయన నాలుక మీద ఆమెకు అంత గురి. అందుకే ఆమెకు తెలియకూడదని ఎడ్వర్డ్ పట్టుబట్టాడు. అక్క వాసన తెలుగులో చెప్పాలి, ఆయన దాన్ని ఇంగ్లిష్‌లో తనదిగా అనాలి, అదీ ఏర్పాటు. నేను జున్ను కోసం వెళ్ళి అక్కడే చిక్కుకున్నాను. నిజం చెప్పాలంటే, పొమ్మన్నా పోలేదు.

మూడు బోజొలేలు బల్ల మీద పెట్టింది ఎవాంజెలిన్. మొదటిది పోసింది. అక్క గ్లాసులు అందిస్తున్నట్టు వాసన చూసి, "అరటి," అంది మెల్లగా. ఎడ్వర్డ్ పుక్కిలించి ఉమ్మి, "అరటిపండు, పిల్లల చాక్లెట్లు. పులుపు పల్చన. పార్టీకి చాలు, భోజనానికి నిలవదు," అన్నాడు. ఎవాంజెలిన్ తల ఊపింది.

రెండోది. "నేరేడు. వాన పడ్డ రాయి," అంది అక్క. ఎడ్వర్డ్ అదే అన్నాడు, దానికి తన పులుపూ వగరూ జోడించి. బాతు మాంసానికి, పుట్టగొడుగుల కూరకు బాగుంటుందన్నాడు. ఎవాంజెలిన్ రాసుకుంది. నేను చేతిలోని జున్ను పొట్లం నలిపేశాను, నాకేం సంబంధమో నాకే తెలియదు.

మూడో సీసా మూత తీయగానే అక్క ముఖం మారింది. తడిసి మూలన పడేసిన గోనెసంచి వాసన. బిరడా చెడి వైన్ పాడైతే అలా వస్తుంది. దానికి వాళ్ళిద్దరూ మాట అనుకోలేదు. బియ్యం పాడైతే ఇంట్లో ఏమంటామో ఆ మాటే ఆమె నోటికి వచ్చింది.

"ముక్కింది," అంది.

ఎడ్వర్డ్‌కు అందులో ముక్కు వినబడింది. వైన్ వాళ్ళ ఇంగ్లిష్‌లో సువాసనను కూడా ముక్కు అనే అంటారు. బ్రహ్మాండమైన ముక్కు అని చెబుతోంది కాబోలు అనుకున్నాడు. గ్లాసులో ముఖమంతా పెట్టి, గుండెల నిండా పీల్చి, కళ్ళు మూసుకుని, "ఆహా, ఏం సువాసన," అన్నాడు.

ఎవాంజెలిన్ తన గ్లాసు అంతకు ముందే వాసన చూసింది. దాన్ని బల్ల మీద పెట్టి ఎడ్వర్డ్ వైపు చూస్తూ ఉండిపోయింది. అక్క నా వైపు చూసింది. నేను జున్ను వైపు చూశాను.

"సీసా చెడిపోయింది ఎడ్వర్డ్," అంది ఎవాంజెలిన్.

ఆయన గ్లాసు దించాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడని నేను అనుకున్నాను, నేనైతే అదే చేసేవాణ్ణి. "నాకు ఫిబ్రవరి నుంచి వాసన లేదు," అన్నాడు. "ఇందాకటి ముక్కు శ్యామలది. నాలుక మాత్రం నాదే. నువ్వు తెచ్చింది పెద్ద దుకాణాలకు ఇచ్చుకో. నేనేమీ అనుకోను."

ఎవాంజెలిన్ అక్క వైపు తిరిగింది. "అంత ముక్కు ఉంటే మీరే రుచి చూసి చెప్పొచ్చు కదా?"

"నేను ద్రాక్ష వదిలేశానండి," అంది అక్క.

"లెంట్ ఉపవాసానికా? అది ఈస్టర్‌తో అయిపోయింది కదా."

"కాదండి. కాశీలో. ప్రాణం ఉన్నంత వరకు."

అన్నయ్య అడిగిన రెండు పళ్ళ సంగతి కూడా చెప్పింది. ఎడ్వర్డ్‌కు కూడా అప్పటిదాకా అది తెలియదు. ఆరేళ్ళలో ఎందుకు తాగవని ఒక్కసారీ అడగలేదట. ఆయన తల్లి కూడా మద్యం ముట్టనని ప్రమాణం చేసి, కోటుకు ఆ గుర్తు పిన్ను పెట్టుకుని బతికిన మనిషి. అలాంటి వాటికి కారణం అడగకూడదని ఆయనకు చిన్నప్పుడే నేర్పారు.

ఎవాంజెలిన్ సంచిలోంచి అదే వైన్ ఇంకో సీసా తీసింది. "మా వ్యాపారంలో ముక్కు పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు," అంది. "అందరూ దాస్తున్నారు. పనికి రెండో ముక్కు తెచ్చుకున్నవాణ్ణి నిన్నే చూశాను. కానివ్వండి, ఇద్దరూ చెప్పండి. ఈసారి గట్టిగా చెప్పండి."

అక్క వాసన చూసింది. "చెర్రీపండ్లు," అంది. "గులాబీ కొంచెం. అడుగున మిరియం. శుభ్రంగా ఉంది." ఎడ్వర్డ్ పుక్కిలించి, ఈసారి తొందరపడకుండా చాలాసేపు నోట్లో ఉంచుకుని ఉమ్మాడు. "పులుపు చురుగ్గా ఉంది. వగరు ఉందంటే ఉంది. కారానికి భయపడదు," అన్నాడు. ఆ వైన్‌కు అరవై పెట్టెల ఆర్డర్ రాసుకుని వెళ్ళింది ఎవాంజెలిన్.

ఎడ్వర్డ్ ఆ సోమవారమే దాని కింద కార్డు పెట్టాడు. ముక్కు శ్యామల, నాలుక ఎడ్వర్డ్ అని. విషయం ఊరంతా తెలిసింది. లీజు మాట మళ్ళీ రాలేదు, ఒక్కరూ కొనడం మానలేదు కూడా.

జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం సందులో బల్లలు వేసి అందరికీ ఆ బోజొలే పోశారు. బాల్చీల్లో మంచునీళ్ళు పోసి సీసాలు చల్లబరిచారు. మా క్లేర్ జిల్లా మేకపాల జున్ను, చల్లని హామ్, రోస్ట్ చికెన్, ఎడ్వర్డ్ స్వయంగా ఉడికించిన బేకన్, క్యాబేజీ, ఒక చివర అక్క చేసిన గుత్తివంకాయ. జిడ్డున్నవాటిని పులుపు కడిగేస్తుందని, కారమున్నవాటిని వగరు లేకపోవడం కాపాడుతుందని ఎడ్వర్డ్ ప్రతి బల్ల దగ్గరా చెప్పాడు. గుత్తివంకాయ అన్నిటికంటే ముందు ఖాళీ అయింది. పదిమందిలో మాట్లాడమంటే అక్క వెనక గదిలోకి జారుకోబోయింది. లోహిత వాళ్ళమ్మ భుజం మీద చెయ్యి వేసి, నీకేం ఫర్వాలేదని ఇక్కడి మాటలో, "యూ ఆర్ గ్రాండ్, మామ్," అంది. అక్క నాలుగు ముక్కలు మాట్లాడింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఎడ్వర్డ్ చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు. బల్లలు తీసేశాక మాత్రం ఖాళీ గ్లాసు ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చోవడం చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలియదు. నాకు మనసు పాడైంది.

అక్టోబర్ చివరి వారం. సెలవు రోజు, బయట వాన. నేను వైన్ గోడ ముందు నిలబడి, మా ఇంట్లో వండే చేపల పులుసుకు ఏది బాగుంటుందో నాకే తెలుసని నన్ను నేను నమ్మించుకుంటున్నాను. ఎడ్వర్డ్ బల్ల దగ్గర హామ్ కోస్తున్నాడు. ఒంటిగంట అయింది. వెనక గదిలో అక్క డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

హామ్ కోసే కత్తి ఆగింది.

ఎడ్వర్డ్ తల ఎత్తాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ముఖం చిట్లించాడు.

"శ్యామలా," అన్నాడు, "కిటికీ."

అక్క డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అప్పటికి గానీ తనేమన్నాడో ఎడ్వర్డ్‌కు అర్థం కాలేదు. కత్తి పడేసి వచ్చి, రెండు చేతులతో ఆ డబ్బా అందుకుని, ఇంగువ పులిహోరలో ముఖం పెట్టేశాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"ఇంత ఘోరంగా ఉంటుందని మరిచిపోయాను," అన్నాడు తల ఎత్తి.

అక్క ఏడుస్తూనే నవ్వింది. నేను సీసాల వైపు తిరిగి నిలబడ్డాను, కార్డుల మీది అక్షరాలేవీ కనపడలేదు. కిటికీ ఆ రోజు ఎవరూ తీయలేదు.